ఒక దశాబ్దానికి ఐదుగురు

పదేండ్ల కాలంలో ఆడినవారిలో మేటివారిని ఏరి, వారందరిని ఒక్క జట్టుగా కూర్చి చూచుకొనుట ఆటల లోకంలో ఒక వేడుక. ఆ జట్టు ఏ మైదానంలోను దిగదు. ఏ ప్రత్యర్థిని ఎదుర్కొనదు. కాగితం మీద పుట్టి కాగితం మీదనే నిలుచును. అయినను దానిని గూర్చిన వాదాలు ఒక్కొక్కప్పుడు నిజమైన పోటీల కంటె వేడిగా సాగుతూ ఉంటవి. మనకు ఇది క్రొత్త సంగతి కాదు. కృష్ణదేవరాయల కొలువులో అష్టదిగ్గజాలుండిరన్న మాట తెలుగునాట అందరి నోటను ఉన్నదే. ఆ ఎనమండుగురు ఎవరెవరన్న దగ్గరకు వచ్చేసరికి పండితులు ఏకీభవింపలేదు. కొన్ని పేర్లు ప్రతి జాబితాలోను కనిపిస్తవి. తక్కిన స్థానాల దగ్గరనే తగవు. ఆ తగవులో తేలేది కవుల గొప్పతనం మాత్రమే కాదు. మనకు మిగిలిన ఆధారాలు ఎన్ని, కాలగర్భంలో కలిసిపోయినవి ఎన్ని అన్నది కూడ అక్కడనే తేలుతుంది.

అమెరికా కళాశాలలలోని మహిళా బాస్కెట్‌బాల్ చరిత్రలో 1970 నుండి 1979 వరకు గల దశాబ్దానికి అట్టి జట్టును కూర్చుటయే ఈ ప్రసంగంలోని ప్రయత్నం. ఆ తరువాతి దశాబ్దాలకు ఈ పని కొంత సులభం. అప్పటికి ప్రతి పోటీకి లెక్కలున్నవి, చిత్రాలున్నవి, ఏటేటా ఇచ్చే బహుమతుల పట్టికలున్నవి. 1970 దశాబ్దానికి ఇవన్నియు సగం సగమే ఉన్నవి. కావున ఈ ఎంపికలో ఆట తెలిసినవాని చూపు ఎంత అవసరమో, చరిత్రకారుని జాగ్రత్త అంత అవసరం.

ముందుగా ఆట పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు గోడకు పండ్లబుట్టలు తగిలించి ఈ ఆటను కల్పించినాడు. మరుసటి ఏడే, అక్కడికి సమీపంలో ఉన్న స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అనే వ్యాయామోపాధ్యాయిని దీనిని విద్యార్థినులకు నేర్పినది. 1893 మార్చిలో అక్కడ జరిగిన మొదటి పోటీకి పురుషులను చూడనివ్వలేదు. స్త్రీలకు ఆయాసం కలుగరాదని, ఆటలో మొరటుతనం రారాదని ఆమె నియమాలను మార్చినది. మైదానాన్ని మూడు భాగాలుగా విభజించి, ఏ భాగంలోని వారు ఆ భాగం దాటరాదన్నది. ఒకరి చేతిలోని బంతిని మరొకరు లాగుకొనరాదన్నది. ఈ నియమాలు రూపు మార్చుకొంటూ ఎనుబది ఏండ్ల వరకు స్త్రీల ఆటకు కట్టుకొయ్యలై నిలిచినవి. ఐదుగురేసి ఆటగత్తెలు మైదానమంతట తిరుగుతూ ఆడే పద్ధతి అమెరికా కళాశాల స్త్రీలకు అధికారికంగా వచ్చినది 1971 లోనే. అనగా మనం ఎన్నుకొనబోయే దశాబ్దం ఆ ఆటకు ఒక విధంగా రెండవ పుట్టుక.

దానితోపాటు మరి రెండు మార్పులు వచ్చినవి. 1971లో మహిళల అంతర్ కళాశాల క్రీడలకు ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడినది. దాని పొడియక్షరాలు ఏ.ఐ.ఏ.డబ్ల్యు. ఆ సంఘం 1972 మార్చిలో ఇల్లినాయి రాష్ట్రంలో మొదటి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలను జరిపినది. అదే సంవత్సరం జూన్ 23వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యా శాసనంపై సంతకం చేసినాడు. దానిలోని తొమ్మిదవ ప్రకరణం, కేంద్ర ప్రభుత్వపు సొమ్ము పుచ్చుకొనే ఏ విద్యా కార్యక్రమంలోను ఆడ మగ అనే భేదం చూపి ఎవరిని వెలివేయరాదని శాసించినది. ఆ ప్రకరణంలో ఆటల మాట ఒక్కటి కూడ లేదు. అయినను కళాశాలల క్రీడా ప్రాంగణాల తలుపులు స్త్రీలకు తెరచినది అదే. తలుపులు ఒక్కసారిగా తెరచుకొనలేదు. 1975లో గాని దాని అమలుకు నిబంధనలు వెలువడలేదు. కళాశాలలకు 1978 వరకు గడువు ఇచ్చినారు.

ఈ తేదీలు మన ఎంపికకు ఎట్లు అడ్డువచ్చునో చూడుడు. కోడాక్ సంస్థ పేరుతో వెలువడిన అఖిల అమెరికా జట్టు 1975లో మొదలైనది. ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే వేడ్ బహుమతి 1978లో మొదలైనది. 1973 వరకు విద్యార్థి వేతనం పుచ్చుకొని ఆడే విద్యార్థినులకు మహిళా సంఘం తన పోటీలలో ప్రవేశమే ఇయ్యలేదు. కావున బహుమతులు లెక్కించి జట్టు కూర్చినచో ఆ జట్టులో దశాబ్దపు రెండవ సగం మాత్రమే ఉండును. మొదటి సగంలో ఆడినవారు చెడుగా ఆడి కాదు, చూచి వ్రాసుకొన్నవారు లేక మరుగునపడిపోవుదురు. శాసనం దొరికిన రాజుకే చరిత్రలో పుట దొరకును. చెరువు త్రవ్వించియు శాసనం వేయించని రాజు, చెరువు ఎదుట ఉన్నను, పేరు లేక పోవును.

అందుచేత ఈ ఎంపికకు మూడు నియమాలు పెట్టుకొందము. మొదటిది, 1970 నుండి 1979 వరకు ముగిసిన పోటీల ఋతువులలో ఆడిన ఆటనే ప్రధానంగా చూడవలెను. రెండవది, పాయింట్ల మొత్తంతోపాటు, గెలువవలసిన చోట జట్టును గెలిపించినదా అని అడుగవలెను. మూడవది, లెక్కలు లేకపోవుట ఆటగత్తె లోపంగా ఎంచరాదు.

ఈ నియమాలతో చూచినచో మొదటి పేరు విషయంలో వాదమే లేదు. ఆమె లూసియా హారిస్. 1955లో మిసిసిపి రాష్ట్రంలోని మింటర్ సిటీ అనే పల్లెలో, పదునొకండుగురు సంతానంలో పదవ బిడ్డగా, నల్లజాతి వ్యవసాయ కుటుంబంలో పుట్టినది. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఆమె చేరిన డెల్టా స్టేట్ కళాశాల, కొద్ది ఏండ్ల క్రితం వరకు నల్లజాతివారికి ప్రవేశం లేనిది. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె ఒక్కతెయే నల్లజాతి యువతి.

ఆ జట్టుకు శిక్షకురాలు మార్గరెట్ వేడ్. ఆమె కథ వేరుగా చెప్పదగినది. ఆమె అదే కళాశాలలో విద్యార్థినిగా ఉండి ఆడుతూ ఉండగా, 1932లో అధికారులు ఆట స్త్రీలకు మితిమీరిన శ్రమ అని చెప్పి జట్టును రద్దు చేసినారు. ఆటగత్తెలు తమ ఆట దుస్తులను కుప్పవేసి కాల్చినారు. నలుబది ఏండ్లు గడచిన తరువాత 1973లో ఆ కళాశాల జట్టును మరల నెలకొల్పి, అరువదేండ్ల వేడ్‌ను పిలిచి దానిని ఆమె చేతిలో పెట్టినది. ఆమె హారిస్‌ను నమ్ముకొని 1975, 1976, 1977 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు జాతీయ విజయం సాధించినది. తరువాత వెలసిన వేడ్ బహుమతి ఈమె పేరిటిదే.

కళాశాలలో ఆడిన నాలుగేండ్లలో హారిస్ 2,981 పాయింట్లు చేసినది; బుట్ట అంచు తగిలి తిరిగివచ్చిన బంతిని 1,662 సార్లు అందుకొన్నది. 1976లో స్త్రీల బాస్కెట్‌బాల్ మొదటిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరినప్పుడు, మాంట్రియాల్ నగరంలో ఆ క్రీడాచరిత్రలోని మొట్టమొదటి పాయింట్లు చేసినది ఈమెయే. అమెరికా జట్టుకు అప్పుడు వెండి పతకం వచ్చినది. 1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే పురుషుల వృత్తిజట్టు తమ ఎంపికలో ఆమె పేరును చేర్చినది. అప్పుడు ఆమె గర్భవతి. ఆ పరీక్షకు పోలేదు. స్త్రీలకు నిలుకడగల వృత్తిసంఘం ఆ దేశంలో ఆనాడు లేదు. 1992లో నెయిస్మిత్ పేరిటి కీర్తిమందిరంలో ఆమెకు స్థానం లభించినది. 2022 జనవరిలో ఆమె మరణించినది. ఆమె జీవితాన్ని గూర్చిన లఘుచిత్రానికి అదే సంవత్సరం ఆస్కార్ బహుమతి వచ్చిన తరువాత గాని చాలమందికి ఆమె పేరు తెలియలేదు.

రెండవ పేరు ఆన్ మేయర్స్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖలో 1974 నుండి 1978 వరకు ఆడినది. నాలుగు సంవత్సరాలును అఖిల అమెరికా జట్టులో స్థానం పొందిన మొదటి స్త్రీ ఈమెయే. మేయర్స్ గొప్పతనం ఏదో ఒక్క పనిలో కాదు, అన్ని పనులలో ఉన్నది. 1978 ఫిబ్రవరిలో ఒక పోటీలో ఆమె 20 పాయింట్లు చేసి, 14 సార్లు బుట్ట తగిలి తిరిగివచ్చిన బంతిని అందుకొని, 10 సార్లు తోటివారికి అందించి పాయింట్లు చేయించి, 10 సార్లు ఎదుటివారి బంతిని లాగుకొన్నది. నాలుగు విధాల ఆటలోను రెండంకెల సంఖ్య చేరుట ఎవరికైనను అరుదైన ఘనత. ఆ సంవత్సరమే ఆమె జట్టు జాతీయ విజేత అయినది. 1979లో ఇండియానా పేసర్స్ అనే పురుషుల జట్టు ఆమెతో 50,000 డాలర్ల ఒప్పందం చేసికొని పరీక్షకు పిలిచినది. ఆమె పోయినది, ఆడి చూపినది. జట్టులోకి మాత్రం తీసికొనలేదు.

మూడవ పేరు కారల్ బ్లేజౌస్కీ. న్యూజెర్సీ రాష్ట్రంలోని మాంట్‌క్లేర్ స్టేట్ అనే, పేరుపడని కళాశాలలో చదివినది. ఎగిరి బంతి విసరుటలో ఆ కాలంలో ఆమెకు సాటి లేరు. నాలుగేండ్లలో 3,199 పాయింట్లు చేసినది. 1977–78 ఋతువులో ఆమె సగటు పోటీకి 38.6 పాయింట్లు. 1977 మార్చిలో న్యూయార్క్ నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక్క పోటీలో 52 పాయింట్లు చేసినది. ఆమెకు జాతీయ విజయం దక్కలేదు. 1978లో జాతీయ పోటీల చివరి మెట్టుకు ముందు ఆమె జట్టు మేయర్స్ జట్టును ఎదుర్కొని ఓడిపోయినది. ఒక జట్టులో నలువైపుల బలమున్నది. మరొక జట్టులో బ్లేజౌస్కీ ఉన్నది. గెలిపించినదా అన్న మన రెండవ నియమం ఇక్కడ కొంత చిక్కు పెట్టును. కాని అంత చిన్న కళాశాలను అంత దూరం తెచ్చుటయే ఆమె గెలుపు. ఆ ఏడాది మొదటి వేడ్ బహుమతి ఆమెకే ఇచ్చినారు. ఒలింపిక్ భాగ్యం మాత్రం ఆమెకు లేదు. 1976లో జట్టుకు ఎంపిక కాలేదు. 1980లో ఎంపికైనది గాని అమెరికా మాస్కో క్రీడలను బహిష్కరించినది.

నాల్గవ పేరు నాన్సీ లీబర్మన్. న్యూయార్క్ నగరపు శివారున పెరిగి, వీధి మైదానాలలో మగపిల్లలతో ఆడి ఆరితేరినది. పదునెనిమిదేండ్ల వయస్సులో 1976 ఒలింపిక్ జట్టులో ఆడినది. వర్జీనియా రాష్ట్రంలోని ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయానికి 1979, 1980 సంవత్సరాలలో జాతీయ విజయాలు తెచ్చినది. ఆ రెండేండ్లును వేడ్ బహుమతి ఆమెదే. చివరి ఏడు మన గీతకు అవతల పడినను, గీతకు ఇవతలి మూడు ఋతువులు చాలును. మైదానంలో ఎటు చూచిన అటు కాక మరొక వైపునకు బంతిని అందించే నేర్పును, పోటీ బిగిసినకొద్ది పెరిగే తెగువను స్త్రీల ఆటలో అందరు చూచునట్లు చేసినది ఆమె.

నలుగురు కుదిరినారు. ఐదవ స్థానం దగ్గర అసలు చిక్కు వచ్చినది. ఆ స్థానానికి ముగ్గురు తగినవారున్నారు. ముగ్గురును మూడు వేరు వేరు కారణాల చేత మరపునకు గురియైనవారే.

మొదటి ఆమె లినెట్ వుడర్డ్. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1977 నుండి 1981 వరకు ఆడి 3,649 పాయింట్లు చేసినది. అప్పటికి మూడు పాయింట్ల గీత లేదు. కళాశాల స్త్రీలకు ఆ గీత వచ్చినది 1987లో. బంతి కూడ పురుషుల బంతి. స్త్రీల చేతికి తగిన చిన్న బంతి వచ్చినది 1984లో. ఇన్ని ప్రతికూలతల నడుమ చేసిన మొత్తమిది. కాని ఆమె నాలుగు ఋతువులలో రెండు మాత్రమే మన గీతకు ఇవతల ఉన్నవి. ఆమెకు న్యాయమైన చోటు తరువాతి దశాబ్దంలో ఉన్నది. దశాబ్దమనే కొలబద్ద ఒక ఆటగత్తె జీవితాన్ని నడిమికి విరుచుట ఎంత సులభమో ఈమె వల్ల తెలియును.

రెండవ ఆమె పెర్ల్ మూర్. దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని ఫ్రాన్సిస్ మేరియన్ అనే చిన్న కళాశాలలో 1979 వరకు ఆడినది. అంతకు ముందు కొద్ది కాలం చదివిన మరొక కళాశాలలో చేసిన వానితో కలిపి ఆమె పాయింట్లు 4,061. వుడర్డ్ మొత్తం కంటె ఇది ఎక్కువ. చిన్న కళాశాలల పోటీలలో చేసినవన్న కారణంతో ఈ సంఖ్యను ప్రక్కన పెట్టుట చాల కాలం జరిగినది. 2021లో గాని ఆమెను కీర్తిమందిరానికి పిలువలేదు. ప్రత్యర్థుల బలాన్ని కూడ తూచవలెననుట న్యాయమే. తూచకుండనే విడిచిపెట్టుట న్యాయం కాదు.

మూడవ ఆమె థెరీసా షాంక్. ఫిలడెల్ఫియా నగరం దగ్గర, కేథలిక్ సన్న్యాసినులు నడిపే ఇమాక్యులేటా అనే చిన్న మహిళా కళాశాల ఆమెది. 1967లో ఆ కళాశాల వ్యాయామశాల కాలిపోయినది. ఆటగత్తెలు సన్న్యాసినుల భవనంలోని నేలమాళిగలో సాధన చేసినారు. 1970లో వచ్చిన శిక్షకురాలు కేథీ రష్ ఇరువది రెండేండ్ల యువతి. 1972లో జాతీయ పోటీలకు పోవుటకు డబ్బు చాలక, దంతధావన కుంచెలు అమ్మి కొంత కూడబెట్టి, జట్టులో ఎనిమిది మందిని మాత్రమే విమానంలో, ఖాళీ ఉన్న సీట్లలో, పంపగలిగినారు. అంతకు కొద్ది రోజుల ముందే ప్రాంతీయ పోటీలో వెస్ట్ చెస్టర్ జట్టు చేతిలో వారు 32 పాయింట్ల తేడాతో ఓడిపోయి ఉన్నారు. జాతీయ పోటీల ఆఖరు ఆటలో ఎదురైనది మరల ఆ వెస్ట్ చెస్టర్ జట్టే. ఈసారి ఇమాక్యులేటా 52–48తో గెలిచినది. 1973లో ఒక్క పోటీ కూడ ఓడలేదు. 1974లో మూడవసారి గెలిచినది. ఈ మూడు జట్లకును నడుమ నిలిచిన స్తంభం షాంక్. సన్న్యాసినులు బకెట్లు వాయిస్తూ కేకలు వేస్తూ ఉండగా ఆ పడుచులు ఆడిన ఆట చూచుటకు జనం రాసాగినారు. ఆమె చదువు ముగిసిన మరుసటి ఏడు, 1975 ఫిబ్రవరిలో, ఇమాక్యులేటా జట్టు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడినప్పుడు దాదాపు 12,000 మంది వచ్చినారు. అక్కడ స్త్రీల కళాశాల పోటీ జరుగుట అదే మొదలు.

షాంక్ చదువు ముగించినది 1974లో. కోడాక్ జట్టు మొదలైనది 1975లో. ఒక్క ఏడు తేడాతో ఆమె పేరు ఆ పట్టికలో లేకపోయినది. ఆమె చేసిన పాయింట్లకు హారిస్ పాయింట్ల వంటి పేరుమోసిన సంఖ్య లేదు. ఉన్నవి మూడు జాతీయ విజయాలు, ఆమెతోను ఆమెకు ఎదురుగాను ఆడినవారి మాట. అయినను ఐదవ స్థానం ఆమెకే ఇయ్యవలెనని ఈ ప్రసంగకర్త అభిప్రాయం. జాలితో చెప్పునది కాదు. జాతీయ పోటీలు మొదలైన మొదటి మూడేండ్లలో ఓటమి వరకు వచ్చి గెలిచిన జట్టు ఒకటే. ఆ జట్టు ఆట అంతయు ఆమె చుట్టు తిరిగినది. హారిస్, షాంక్ ఇద్దరును సెంటర్ స్థానంవారే కదా అనవచ్చును. బుట్ట క్రింద ఇద్దరుండగా, ప్రక్కనుండి బ్లేజౌస్కీ విసరగా, వెనుకనుండి మేయర్స్, లీబర్మన్ బంతిని నడిపించినచో ఆ జట్టుకు లోటేమియు లేదు. తరువాత శిక్షకురాలైన షాంక్, 1982లో రట్గర్స్ విశ్వవిద్యాలయపు జట్టును మహిళా సంఘం జరిపిన కడపటి జాతీయ పోటీలలో గెలిపించినది. ఆ సంఘపు మొదటి విజయంలో ఆటగత్తెగాను, చివరి విజయంలో శిక్షకురాలిగాను నిలిచినది ఆమె. 2022లో కీర్తిమందిరంలో ఆమెకు చోటు దొరికినది.

ఆ కడపటి పోటీల మాట విడువరాదు. 1982లో పురుషుల క్రీడలను ఏలుతూ వచ్చిన ఎన్.సి.ఏ.ఏ. అనే సంఘం స్త్రీలకు కూడ జాతీయ పోటీలు మొదలుపెట్టినది. దానికి ధనమున్నది, దూరదర్శన ప్రసారాలున్నవి. పెద్ద కళాశాలలు అటు పోయినవి. స్త్రీలే నడిపిన స్త్రీల సంఘం ఆ ఏడే మూతపడినది. సంఘం పోయిన తరువాత దాని లెక్కల పుస్తకం ఎవరిది? క్రొత్త సంఘం తన పుస్తకాన్ని తన కాలం నుండి వ్రాసికొన్నది. హారిస్, బ్లేజౌస్కీ, వుడర్డ్, మూర్‌ల సంఖ్యలు ఆ పుస్తకంలోకి ఎక్కలేదు. 2024 ఫిబ్రవరిలో అయొవా విశ్వవిద్యాలయపు కేట్లిన్ క్లార్క్ 3,527 పాయింట్లు దాటినప్పుడు, స్త్రీలలో అందరికంటె ఎక్కువ చేసినదని పత్రికలు వ్రాసినవి. అప్పటికి వుడర్డ్ 3,649 ఇంకను ముందున్నది. రెండు వారాలు తిరుగకముందే క్లార్క్ దానిని కూడ దాటినది. నాడు చాలమంది మొదటిసారిగా వుడర్డ్ పేరు విన్నారు. క్లార్క్ 3,951 దగ్గర ఆగినది. మూర్ 4,061 చెక్కు చెదరలేదు. ఒక యువతి దాటుతూ పోయినందున ముందు నడచినవారి అడుగుజాడలు బయటపడినవి.

ఇక మన ఐదుగురు వీరు: లూసియా హారిస్, థెరీసా షాంక్, కారల్ బ్లేజౌస్కీ, ఆన్ మేయర్స్, నాన్సీ లీబర్మన్. అవసరమైనప్పుడు దిగుటకు బల్ల మీద పెర్ల్ మూర్, లినెట్ వుడర్డ్ ఉందురు. శిక్షకురాలి స్థానం మార్గరెట్ వేడ్‌కు, కేథీ రష్‌కు కలిపి ఇయ్యవచ్చును. ఈ పట్టికను కాదని మరొక పట్టిక కూర్చువారుండవచ్చును, ఉండవలెను కూడ. అట్లు కాదన్నవారు కారణం చెప్పవలెను. కారణం చెప్పుటకు పాత పుస్తకాలు తెరువవలెను, ముదిమి మీదపడిన ఆటగత్తెలను అడుగవలెను, కళాశాలల అటకల మీది కాగితాలు దులుపవలెను. 1932లో డెల్టా స్టేట్ మైదానంలో కాలిపోయిన దుస్తులతో పాటు ఎందరి ఆట బూడిదైపోయినదో ఇక ఎవరును చెప్పలేరు. ఆ తరంవారి నుండి ఒక జట్టును ఎన్నుకొనుటకు కూడ మనకు వీలు లేదు. 1970 దశాబ్దపు స్త్రీలకు ఆ గతి పట్టకుండ ఉండుటకు, కాగితం మీది ఈ ఐదుగురి జట్టు కొంతకు కొంత పనికివచ్చును.